పోచయ్య స్నానాల గది

గోపన్‌పల్లి పోచయ్యకు ఈ లోకంలో అసహ్యం పుట్టించనిది ఒక్కటే ఉండేది, తడిమట్టి. మిగతాదంతా గలీజే. పెళ్లిలో వడ్డించేవాడి గోళ్లు చూసి విస్తరి ముందునుంచి లేచిపోయిన మనిషి అతను. బస్సులో పక్కవాడు తుమ్మితే తర్వాతి స్టాపులో దిగి మిగతా దూరం నడిచేవాడు. చిన్నప్పుడు మేనత్త కొడుకు కొరికిన జామపండు చేతిలో పెట్టాడని, ఆ చెట్టున్న గల్లీలోకే మళ్లీ పోలేదని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటి మనిషిని, దేవుడికి ఏ సరదా పుట్టిందో ఏమో, తీసుకెళ్లి కొన్ని వందల కుటుంబాల మరుగుదొడ్ల నీళ్లు వచ్చి పడే చోట కూర్చోబెట్టాడు.

వాళ్లది కుమ్మరి ఇల్లు. ఊరి పోచమ్మ దగ్గర పూజ చేసేదీ వాళ్లే. అందుకని చెయ్యి కడిగాకే దీపం, కాళ్లు కడిగాకే గడప. తరవాత చుట్టూ భవనాలు లేచాయి, చెరువు మట్టి కంపు కొట్టడం మొదలైంది, కుండలు కొనేవాళ్లు తగ్గిపోయారు, కుమ్మరి సారె మూలపడింది. అన్నదమ్ములంతా కలిసి ఇల్లు అమ్ముకుంటే పోచయ్యకు వచ్చిన వాటా భార్య కొమురమ్మ దవాఖానకే సరిపోయింది. అప్పుడతను నల్లగండ్లలో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో మొక్కలకు నీళ్లు పెట్టే పనికి కుదిరాడు.

ఆ మొక్కలకు పోసే నీళ్లు బేస్‌మెంటులోని ఎస్టీపీ నుంచి వచ్చేవి. అన్ని ఫ్లాట్ల మురుగూ పైపుల్లో దిగి అక్కడి తొట్లలో పడుతుంది. దాన్ని జల్లెడపట్టి, గాలి కొట్టించి, బురద దించి, తేట నీళ్లను మళ్లీ మొక్కలకూ ఫ్లష్‌లకూ పైకి పంపుతారు. ఆ పని చూసే మనిషి ఒకరోజు ఫోను కూడా ఎత్తకుండా మాయమయ్యాడు. సూపర్‌వైజరు చుట్టూ చూసి, గులాబీ మొక్క దగ్గర వంగి ఉన్న పోచయ్యను పిలిచి, కొత్త మనిషి వచ్చేదాకా రెండు రోజులు చూసుకోమన్నాడు. ఆ రెండు రోజులు ఇంకా గడవలేదు. ఏళ్లు మాత్రం గడిచాయి.

పైనుంచి ఏమేం దిగి వచ్చేవో చెబితే నమ్మేవాళ్లు తక్కువ. పిల్లల డైపర్లు, సవరాలు, పాచిపోయిన సాంబారు రోజూ ఉండేవే. ఒకసారి ఎవరిదో పట్టుచీర కొంగు జల్లెడకు చుట్టుకుంటే, లాగుతూ లాగుతూ తాను గేటు దాకా నడిచినా చీర తెగలేదని పోచయ్య ప్రమాణం చేస్తాడు. ఒకసారి కట్టుడుపళ్ల వరస ఒకటి వచ్చి ఇనుప కమ్మీని కరిచి పట్టుకుని వదలనందట. ఇంకోసారి మునిగిపోయిన సెల్‌ఫోను అడుగున మోగుతూనే ఉంటే, ఎత్తాలా వద్దా అని కాసేపు ఆలోచించాడట. అవతల ఉన్నది పెద్ద ఆఫీసరైతే ఎక్కడున్నానని చెప్పాలి?

వీటన్నిటినీ పొడుగాటి ఇనుప దంతెతో గీరి డబ్బాలో వేసేటప్పుడు పోచయ్యకు ప్రతిరోజూ కడుపులో తిప్పేది. ఇన్నేళ్లయినా తిప్పడం ఆగలేదు. అలవాటైపోయిందా అని ఎవరైనా అడిగితే అతనికి ఒళ్లు మండేది. గలీజు అలవాటవుతుందని అనుకునేది గలీజు చేసేవాళ్లేనని అతని నమ్మకం. పైన బాల్కనీల్లో తులసికోటలు, గుమ్మాల్లో ముగ్గులు, లిఫ్టులో మల్లెపూల సెంటు. కింద వాళ్ల అసలు రూపు. రోజంతా ఆ అసలు రూపు చూసి పైకి వస్తే, తళతళలాడే చొక్కాల మనుషులంతా అతని కంటికి మూతపెట్టిన పాచిగిన్నెల్లా కనబడేవారు.

వాళ్లకు అతనెలా కనబడేవాడో వేరే చెప్పక్కర్లేదు. అతను లిఫ్టు దగ్గర నిలబడితే, అప్పటిదాకా ఫోనులోంచి తల ఎత్తని కుర్రాళ్లు కూడా తల ఎత్తి మెట్లదారి పట్టేవారు. ఒకావిడ తన ముక్కు మూసుకుంటే మర్యాద కాదనుకుని, చంకలో ఉన్న కుక్కపిల్ల ముక్కు మూసింది. అతని పేరు ఎవరికీ తెలియదు. ఎస్టీపీ అని పిలిచేవారు. “ఏయ్ ఎస్టీపీ, ఫ్లష్‌లో నీళ్లు రావట్లేదు” అని మూడో అంతస్తునుంచి కేక పడితే అతను తల ఎత్తేవాడు. పలకకపోతే ఇంకా గట్టిగా అరిచేవారు.

అసోసియేషన్ సెక్రటరీ చెన్నకేశవులుది హిందూపురం. అక్కడ పట్టుబట్టల వ్యాపారం చేసి, ఇక్కడికి వచ్చి స్థలాలు కొని అమ్మే పనిలో స్థిరపడ్డాడు. ఆయనకు పోచయ్య మీద కోపమేమీ లేదు. దీపావళికి స్వీటు డబ్బా కూడా ఇప్పించేవాడు, సెక్యూరిటీ అతని చేత పిట్టగోడ మీద పెట్టించి. మాట్లాడాల్సి వస్తే కర్పూరం పొట్లం మడిచిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కారు పొడుగంత దూరంలో నిలబడి మాట్లాడేవాడు. ఆ కర్పూరం వాసన వస్తే చాలు, పోచయ్యకు గుడి గుర్తుకు రావడం మానేసి సెక్రటరీ గుర్తుకు వచ్చేవాడు. అది కూడా ఒక నష్టమే.

ఇదంతా పోచయ్య భరించాడు. అసలు చిక్కు ఇంటి దగ్గర వచ్చింది.

గోపన్‌పల్లిలో మొగుడూ పెళ్లాలు ఈశ్వరమ్మ ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేవారు. ఈశ్వరమ్మ అనంతపురం నుంచి వచ్చి ఇల్లు కట్టుకుని, వెనకాల వరసగా గదులు వేసి కిరాయికి ఇచ్చింది. అందరికీ కలిపి వాకిట్లో ఒకటే నల్లా. సాయంత్రం పోచయ్య వస్తూనే బట్టలతో సహా ఆ నల్లా కింద కూర్చునేవాడు. ఒళ్లు కడుక్కోనిదే గడప తొక్కే అలవాటు అతనికీ లేదు, తొక్కనిచ్చే అలవాటు కొమురమ్మకూ లేదు. సబ్బు అరిగిపోయేది గాని అతనికి తృప్తి కలిగేది కాదు. పక్క గదుల్లోని ఐటీ కుర్రాళ్లు వెళ్లి ఈశ్వరమ్మకు చెప్పుకున్నారు. ఆమె ఒక సాయంత్రం నల్లా దగ్గరికి వచ్చి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని నిలబడింది.

“నీవు మంచోడివే పోచయ్యా, నేను కాదంటానా? కానీ నీవు నీళ్లు పోసుకున్న కాడ మేము బిందెలు ఎట్ల పెట్టుకోవల్ల? వచ్చే నెలనుంచి పని కాడనే ఒళ్లు కడుక్కోని రా. కాదంటే వేరే గది చూసుకోప్పా.”

పోచయ్య సబ్బునురగ కళ్లలోకి దిగుతుంటే అలాగే కూర్చున్నాడు.

వేరే గది చూసుకోవడం ఆమె అన్నంత తేలిక కాదు. ఆదివారం మొగుడూ పెళ్లాలు నల్లగండ్ల దాకా గల్లీ గల్లీ తిరిగారు. ప్రతి గుమ్మంలోనూ రెండో ప్రశ్న ఒకటే: ఏం పని చేస్తావు? ఒకచోట పోచయ్య నిజం చెప్పాడు, తలుపు మూసుకుంది. ఇంకోచోట తోటపని అని అబద్ధం చెప్పాడు, ఇంటాయన గాలి పీల్చి చూసి అతన్ని ఎగాదిగా చూశాడు. కొమురమ్మ మోకాళ్లు మెట్లెక్కే మోకాళ్లు కావు. ఆమె పక్క వీధిలోని హాస్టల్లో కూరగాయలు తరిగే పని చేస్తోంది. ఈ గది పోతే ఆ పనీ పోతుంది. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, ముసలితనంలో ఇద్దరి నీడ ఒక చెంబెడు నీళ్ల మీదికి వచ్చి నిలిచింది. పోచయ్యకు పని దగ్గర స్నానానికి చోటు దొరకాలి. దొరక్కపోతే ఇల్లు లేదు.

చోటు లేక కాదు. ఎస్టీపీకి పక్కనే డ్రైవర్ల కోసమని కట్టిన చిన్న స్నానాల గది ఉంది. డ్రైవర్లు స్నానం చేస్తే ఎవరికి ఏ ఇబ్బంది కలుగుతుందని అనుకున్నారో, కట్టిన నాటినుంచీ దానికి తాళమే. అందులో వినాయక చవితి మండపం తాలూకు థర్మోకోల్ గోపురాలు, కాగితప్పూలు, రంగు వెలిసిన అట్ట ఏనుగు తలలు కుక్కి ఉంచారు. పోచయ్య చేతులు కట్టుకుని చెన్నకేశవులును ఆ గది అడిగాడు. ఆయన రుమాలు సర్దుకున్నాడు.

“ఆడ దేవుని సామాను పెట్టిండాం కదప్పా. నీవు దాంట్లో పోయి ఒళ్లు కడుక్కుంటే ఎట్ల? నేను అనేది కాదు, నాకేం పట్టింపు లేదు. జనం ఏమనుకుంటారో చూసుకోవల్ల గదా.”

“నేను పోచమ్మ కాడ పూజ చేసేటోన్ని సార్,” అన్నాడు పోచయ్య.

“అది మీ ఊర్లో. ఇది కమ్యూనిటీ.”

ఆ మాటకు పోచయ్యకు నవ్వూ రోతా ఒక్కసారే వచ్చాయి. ఆ కమ్యూనిటీ ఉన్నది ఒకప్పుడు ఊరివాళ్ల మేకలు మేసిన బీడులోనే. వాదించలేదు. ప్రతి వారం మళ్లీ అడిగాడు.

ఆఖరికి పని జరిగింది పోచయ్య బతిమాలినందుకు కాదు. సాయంత్రం అతను ఇంటికి బయలుదేరే వేళకే పిల్లలను పార్కుకు తెచ్చే తల్లులు వాట్సాప్ గ్రూపులో గోల పెట్టారు. ముక్కు మూసుకున్న బొమ్మలతో చెన్నకేశవులు ఫోను నిండిపోయింది. మర్నాడు ఆయనే తాళం చెవి తెచ్చి, ఆ ఆలోచన తనకే వచ్చినట్టు, పిట్టగోడ మీద పెట్టాడు. ఒక షరతు కూడా పెట్టాడు. ఆ గదిలో పోచయ్య తప్ప ఇంకో మనిషి, బయటివాడెవడైనా సరే, కాలు పెట్టినట్టు తెలిస్తే మర్నాటినుంచి తాళం.

పోచయ్య ఆ గదిని కడిగిన కడుగుడికి గచ్చు రంగు మారింది. గోపురాలను, ఏనుగు తలలను గుడ్డతో తుడిచి అటక మీదికి ఎక్కించాడు. తన చేత్తో చేసిన పాత కుండ ఒకటి ఇంటినుంచి తెచ్చి నీళ్లకు పెట్టుకున్నాడు. మొదటి సాయంత్రం తలుపు వేసుకుని, గొళ్లెం పెట్టుకుని, నెత్తి మీద నీళ్లు పోసుకుంటే అతనికి ఏడుపు వచ్చినంత పనైంది. తడి ఆరిన జుట్టుతో, ఉతికిన చొక్కాతో ఇంటికి వస్తే ఈశ్వరమ్మ నల్లా దగ్గర నిలబడి చూసి, బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లింది. నెల మారింది. కిరాయి గది నిలిచింది.

దాంతోపాటు పోచయ్యకు కొంచెం గర్వం కూడా వచ్చింది. బొడ్లో తాళం చెవి గుచ్చుకుంటూ ఉండేది. గుచ్చుకున్నప్పుడల్లా అతను మెడ కొంచెం నిటారుగా పెట్టేవాడు.

ఎస్టీపీ అడుగున పేరుకున్న బురదను తోడుకుపోవడానికి అప్పుడప్పుడు ట్యాంకరు వచ్చేది. దానికి డ్రైవరు ఒకడు, గొట్టం పట్టుకునే మనిషి ఒకడు. గొట్టం మనిషి హఫీజ్‌పేట్ వైపునుంచి వచ్చేవాడు, వయసు పోచయ్య ఈడే. డ్రైవరు సీటు పాడవుతుందని అతన్ని లోపల కూర్చోనిచ్చేవాడు కాదు. వెనక ఇనుప నిచ్చెన పట్టుకుని వేలాడుతూ వచ్చేవాడు, అలాగే పోయేవాడు. పోచయ్య కూడా అతన్ని “ఏయ్ ట్యాంకర్” అనే పిలిచేవాడు. ఆ పిలుపులో తప్పు ఉందని అతనికి తోచలేదు. తోచాల్సిన మనిషి ఎవరైనా ఉంటే అతనే.

ఆ రోజు పని అయ్యాక ట్యాంకరు మనిషి మోచేతుల దాకా బురదతో వచ్చి, స్నానాల గది తలుపు వైపు చూశాడు. డ్రైవరు చాయ్‌కి పోయాడని, ఈలోపు జర తానం చేసుకుంటానని మెల్లగా అడిగాడు. పోచయ్య చెయ్యి తనకు తెలియకుండానే బొడ్లో తాళం చెవి మీదికి వెళ్లింది. ముందు అతని నోటినుంచి వచ్చింది జవాబు కాదు, ప్రశ్న.

“మీరు ఎవరింటోళ్లు?”

ఊళ్లలో ఆ ప్రశ్న అడిగేది ఇల్లూ వాకిలీ గురించి కాదు. ట్యాంకరు మనిషి అది ఎన్నిసార్లు విన్నవాడో ఏమో, నవ్వాడు.

“ట్యాంకరోళ్లం.”

“గట్ల కాదు, మీ కులపోళ్లు...”

“నీకు తెలిసినట్టే ఉన్నదిగద. నాతోని ఎందుకు చెప్పించుకుంటవు?”

పోచయ్య ముఖం ముడుచుకుంది. కుండ కళ్ల ముందు మెదిలింది. తన చేత్తో చేసిన కుండలో ఆ చెయ్యి మునుగుతుందని తలుచుకుంటే, జల్లెడ గీరేటప్పటికంటే ఎక్కువగా కడుపు తిప్పింది.

“అండ్ల దేవుని సామాను ఉన్నదే. నాదేం లేదు, పట్టింపు నాకు లేదు. మంది ఏమంటరో చూసుకోవాలె గద.”

మాట నోటినుంచి బయటికి వచ్చాక ఆ మాట ఎవరిదో అతనికి తెలిసింది. కర్పూరం వాసన ఒక్కటే తక్కువ. అయినా వెనక్కి తీసుకోలేదు. మొక్కల పైపు తెచ్చి, కారు షెడ్డు బయట అతన్ని నిలబెట్టి, ఎడంగా, చేతులు పైకెత్తి నీళ్లు పోశాడు. ట్యాంకరు మనిషి దోసిలి పట్టి, తల వంచి, ఆ నీళ్లతోనే మోచేతులు కడుక్కున్నాడు. చుక్క తుళ్లి కాలి మీద పడితే పోచయ్య వెనక్కి గెంతాడు. అవతలివాడు అది చూశాడు. నిచ్చెన ఎక్కి వేలాడుతూ వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లాక పోచయ్య ఈ సంగతి భార్యకు చెప్పాడు, తాను చేసింది సరేనని ఆమెచేత అనిపించుకోవాలని. కొమురమ్మ అంతా విని, లేచి, కంచంలో అన్నం పెట్టింది. తెచ్చి ముందు పెట్టలేదు. గుమ్మం దగ్గరే నేల మీద పెట్టి, పొరకపుల్లతో అతని వైపు తోసింది. తరవాత చెంబు తెచ్చి, తన తలంత ఎత్తు లేపి పట్టుకుంది.

“దోసిలి పట్టు, నీళ్లు పోస్త.”

“ఇదేం పరాచికమే?”

“ఎట్లుంటదో చూడు. ఈశ్వరమ్మ నయ్యం. ఆమెకు నువ్వు గలీజుల పనిచేస్తవని రోత. కడుక్కుంటే పోయింది. నీ రోత ఏం కడిగితే పోతది?”

ఇన్నేళ్లు పైపుల్లో దిగి వచ్చిన సమస్తాన్నీ చూసినవాడికి ఆ సాయంత్రం మొదటిసారి తన లోపలినుంచి ఏదో జల్లెడకు తగిలినట్టు అనిపించింది. దాన్ని చూడబుద్ధి కాలేదు. చూడకుండా ఉండబుద్ధీ కాలేదు.

అంతమాత్రాన మనిషి మారిపోయాడంటే అది కట్టుకథ. మళ్లీసారి ట్యాంకరు వచ్చినప్పుడు పోచయ్య ఆ మనిషి ముఖం చూడలేక జల్లెడ దగ్గర పని కల్పించుకున్నాడు. తాళం చెవి బొడ్లో గుచ్చుకుంటూనే ఉంది. ఇంతలో టప్పుమని చప్పుడైంది. గొట్టానికి ట్యాంకరు దగ్గర బిగించిన పట్టీ ఊడిపోయింది. లోపల ఉన్న బురద అంతా ఎదురు తన్ని, గొట్టం పట్టుకున్న మనిషి మీద నెత్తినుంచి పాదాల దాకా కుమ్మరించినట్టు పడింది. డ్రైవరు మోటారు ఆపి, ముందు తన చొక్కా చూసుకుని, బాగానే ఉందని ఊపిరి పీల్చుకున్నాడు. బురదలో కళ్లు మాత్రం రెండు కనబడుతున్నాయి. ఆ కళ్లు స్నానాల గది వైపు చూడలేదు. మొక్కల పైపు ఎక్కడుందా అని వెతికాయి.

అది చూసి పోచయ్యకు తన మీద తనకే వాంతి వచ్చినంత పనైంది. బొడ్లోంచి తాళం చెవి తీశాడు.

ఈలోగా సెక్యూరిటీ అతను సెక్రటరీకి ఫోను కలిపి, స్పీకరు పెట్టాడు. ఆ రోజు చెన్నకేశవులు మనవరాలి పుట్టినరోజు. హిందూపురం నుంచి చుట్టాలు దిగారు. వెనకనుంచి పళ్లేల చప్పుడు వినబడుతోంది.

“బయటివాళ్లు ఎవురూ వద్దని చెప్పిన్నా లేదా? గేటు అవతల నిలబెట్టి పైపుతో నీళ్లు కొట్టి పంపించు. వాడు లోపల కాలు పెడితే ఆ ఎస్టీపీ వానికి గూడా రేపటినుంచి తాళమే.”

గేటు అవతల అంటే రోడ్డు. చాయ్ డబ్బా దగ్గర మెడలో కార్డులు వేసుకున్న జనం ఉన్నారు. అంతమంది ముందు లారీని కడిగినట్టు మనిషిని కడగాలి. కడగకపోతే తన గది పోతుంది. గది పోతే ఈశ్వరమ్మ నల్లా, ఆ తరవాత మూసుకునే తలుపులు, కొమురమ్మ మోకాళ్లు. పోచయ్య తాళం చెవి మళ్లీ బొడ్లో పెట్టుకోబోయాడు కూడా. అప్పుడతనికి ఒక ఆలోచన తట్టింది. ధైర్యం అని దానికి పేరు పెట్టడం అన్యాయం, కొంటెతనం పాలే ఎక్కువ. బురద మనిషి దగ్గరికి వెళ్లాడు. ముక్కు మూసుకోవాలని చెయ్యి లేచింది. బలవంతాన దించుకున్నాడు.

“అన్నా, నీ పేరేంది?”

ఆ మనిషి నమ్మనట్టు చూశాడు. “మైసయ్య.”

“మైసన్నా, లిఫ్టు ఎక్కుతవా?”

“ఎక్కి?”

“సార్‌నే అడుగుదాం, తానం చెయ్యనియ్యమని. నువ్వొద్దంటే వద్దు. నలుగురు నిన్ను చూసి ముక్కు మూసుకుంటరు.”

మైసయ్య అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. “రోజు మూసుకునేదే గద. ఇయ్యాల మంచి కారణమన్న ఉన్నది. నడువు.”

సర్వీసు లిఫ్టు కాదు, అద్దాలు, మల్లెపూల సెంటు ఉన్న అసలు లిఫ్టే ఎక్కారు. లోపల గోడకు తగిలించిన సెంటు డబ్బా ఒకసారి బుస్సుమని చిమ్మి, ఇంక తన వల్ల కాదన్నట్టు ఆగిపోయింది. ప్రతి అంతస్తులోనూ తలుపు తెరుచుకునేది. ఎవరో ఒకరు ఫోనులో చూస్తూ కాలు ముందుకు వేసేవారు, అదే కాలు గాలిలోనే వెనక్కి తిరిగేది. ఒకాయన నోట్లో చాక్లెట్టు కాగితం విప్పకుండానే మింగాడని తరవాత సెక్యూరిటీ అతను చెప్పాడు. అది అబద్ధమైనా, అబద్ధంలా వినబడదు. ఆ వాసన అలాంటిది. పోచయ్యకూ ఊపిరి ఆడలేదు. అద్దాలన్నిటిలోనూ వాళ్లిద్దరే కనబడుతున్నారు, ఎటు చూసినా.

చెన్నకేశవులు ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మానికి మామిడాకులు, లోపల వరసగా విస్తళ్లు, విస్తళ్లలో నెయ్యి కారే ఓళిగలు. చుట్టాల చేతులు నోటికి సగం దారిలో ఆగిపోయాయి. చెన్నకేశవులు రుమాలు కోసం జేబు తడుముకున్నాడు. పండగ పంచెకు జేబు లేదు.

మైసయ్య గడప ఇవతలే నిలబడి రెండు చేతులూ జోడించాడు. వేళ్ల సందులనుంచి చుక్కలు కారుతున్నాయి.

“నమస్తే సార్. నా పేరు మైసయ్య. ఇది నేను తెచ్చుకున్నది కాదు. మీ ఇండ్లల్లకెళ్లి దిగిందే నా మీద పడ్డది. కడుక్కోనికి గిన్ని నీళ్లిప్పియ్యుండ్రి, పోత.”

గొంతులో కోపం లేదు. పెళ్లివాళ్ల ఇంట్లో మంచినీళ్లు అడిగినట్టు అడిగాడు. లోపల ఎవరో ముసలావిడ విస్తరి మీద చెయ్యి కడిగేసుకుంది. ఇద్దరు పిల్లలు కిలకిలా నవ్వి, తల్లులు మొట్టితే ఊరుకున్నారు. చెన్నకేశవులు ముఖం తెల్లబడి, పచ్చబడి, చివరికి ఒకచోట నిలబడింది. ఆయన తన చుట్టాలవైపు చూశాడు, విస్తళ్ల వైపు చూశాడు, గుమ్మం ముందు మడుగు కడుతున్న బురద వైపు చూశాడు. మైసయ్య ముఖం వైపు మాత్రం చూడలేకపోయాడు.

“పోండప్పా, ఆ గదిలోనే పోసుకోపోండి.”

“రేపు తాళం ఏస్తరా సార్?” అన్నాడు పోచయ్య, కదలకుండా.

“వెయ్యను.”

“మైసన్న వచ్చిననాడల్ల?”

“ఎప్పుడన్నా పోసుకోండి, ఇద్దురూ పోసుకోండి. ముందు కిందికి దిగండి.”

ఆయన మనసు కరిగిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. వాళ్లు దిగీ దిగకముందే లిఫ్టును ఫినాయిలుతో కడిగించి, మళ్లీ కడిగించి, సాయంత్రం పూజారిని పిలిపించి పుణ్యాహవాచనం నీళ్లు కూడా చల్లించాడట. కానీ అంతమంది చుట్టాల ముందు ఇచ్చిన మాట. పట్టుబట్టల వ్యాపారికి అది వెనక్కి తీసుకునే సరుకు కాదు.

కింద పోచయ్య తాళం తీసి, తలుపు బార్లా తెరిచి, పక్కకు తప్పుకున్నాడు. మైసయ్య గడప దగ్గర ఆగి కుండను చూశాడు. దాన్ని ముట్టుకోకుండా, నల్లా కింద చేతులు పెట్టబోయాడు. పోచయ్య కుండ నిండా నీళ్లు పట్టి, అతని చేతుల్లోనే పెట్టాడు. పెట్టేటప్పుడు వేళ్లకు వేళ్లు తగిలాయి. కడుపు తిప్పింది. నిజం చెప్పాలంటే గట్టిగానే తిప్పింది. ఎన్నో ఏళ్లనుంచి, తాతల నాటినుంచి పేరుకున్నది ఒక్క లిఫ్టు ప్రయాణానికి కొట్టుకుపోదు. పోచయ్య పళ్లు బిగబట్టి అక్కడే నిలబడ్డాడు.

నీళ్లు నల్లగా పారాయి, తరవాత బూడిదరంగుగా, తరవాత తేటగా. మైసయ్య వీపు మధ్యకు చెయ్యి అందక తిప్పలు పడుతుంటే పోచయ్య బీరపీచు తీసుకుని, సబ్బు రాసి, వెనక కూర్చుని రుద్దడం మొదలుపెట్టాడు. మొదట రెండు వేళ్లతో పట్టుకుని రుద్దాడు. తరవాత అరచేత్తో. వీపు మీద ఎముకలు తన వీపు మీద ఉన్నట్టే ఉన్నాయి. నిచ్చెన కమ్మీ ఒరుసుకున్న కాయలు భుజాల మీద కనబడ్డాయి.

“జర పైన, మెడకాడ,” అన్నాడు మైసయ్య.

పోచయ్య పైన రుద్దాడు. సారె మీద మట్టిని నిమిరినట్టు చెయ్యి దానంతట అదే గుండ్రంగా తిరిగింది.

“నిన్నొకటి అడుగుతా,” అన్నాడు మైసయ్య, నురగలోంచి. “ఆ దినం పైపుతోని పోసినవు సూడు. ఎందుకంత ఎడంగ పోసినవ్? నీళ్లు సగం కిందనే పోయినయ్.”

“రోతయ్యింది అన్నా.”

“బురద చూసా?”

“కాదు.”

మైసయ్య కుండెడు నీళ్లు నెత్తిన పోసుకుని, ముఖం తుడుచుకుని, లేచి నిలబడ్డాడు. పోచయ్య చేతిలోంచి బీరపీచు తీసుకున్నాడు. తడి గచ్చు మీద తాను కూర్చున్న చోటు చూపించాడు.

“నీ మీద గూడ పడ్డది. ఇగ నువ్వు కూసో, నేను రుద్దుత.”

పోచయ్య తలుపు వైపు చూశాడు. తరవాత చొక్కా విప్పి, కొక్కానికి తగిలించి, మైసయ్యకు వీపు తిప్పి కూర్చున్నాడు.